పుస్తకం నిండా మామే

ధర్మవరం, 1983, ఎండాకాలం, ఆదివారం రాత్రి

మా సుభద్ర రాసిన కవితల పుస్తకం అచ్చయింది! అట్ట మీద నా కూతురి పేరు చూసి వీధంతా చక్కెర పంచాను.

సాయంత్రం కూడబలుక్కుంటూ చదివాను. అన్నీ తను చిన్నప్పుడు తిరిగిన ఊర్ల కవితలే. ప్రతి ఊర్లోనూ మామే! లేపాక్షి నందిని చూపించింది మామ, రైలు కిటికీ పక్కన కూర్చోబెట్టింది మామ. నా బామ్మర్దికి గుంతకల్లులో రైల్వే ఉద్యోగం, పాసు ఉండేది, తిప్పినాడు. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని చీరలు నేసే నాలాంటివాడు ఏ రైలెక్కుతాడు? కడుపు మండిపోయింది.

"నా తమ్మున్ని చూసి కుళ్లుకుంటాండావు" అని మా ఆవిడ ఎత్తిపొడుపు.

ఉండబట్టలేక సుభద్రనే అడిగేశాను. "నేను యాడా లేనేమ్మా?"

"యాడికన్నా వచ్చింటే కదా నాయనా రాసేది!" అని నవ్వి, ఒక పేజీ తీసి ముందు పెట్టింది. "ఇది సరిగ్గా చదివినావా?"

రైల్లో ఎవరో పెళ్లికూతురి కొంగు తిరగేసి చూసి, ఒక పిల్ల తిట్లు తిన్న కవిత అది. ఎంత పెంకిపిల్లో అనుకున్నాను.

"నువ్వు నేసిందేమోనని చూసినా నాయనా. ఏ ఊరికి పోయినా అదే పని. మామకు తల కొట్టేసినట్లయితాండె."

నేతగాళ్లం చీరను తిరగేసే చూస్తాం, పనితనం వెనకవైపే తెలుస్తుంది. నా కూతురికి అది ఎవరూ నేర్పలేదు...

రేపే చెప్పాల్సినవాళ్లు: కదిరి అక్క, హిందూపురం తమ్ముడు, తాడిపత్రి పిన్నమ్మ. గుంతకల్లు బామ్మర్దికి మాత్రం ఆ పేజీ నేనే చదివి వినిపించాలి. మిగతావి వాడే చదువుకోనీ.