పదహారు ఖాళీ గళ్లు

ఏలూరు,
9 జూలై 2008

ఆనంద్ పాల్ గారికి,

ఈ ఉదయం ఎదురింటివాళ్లు ఆరేసిన తివాచీ మీద కొంగ వాలింది. నేను దగ్గరికెళ్లినా ఎగిరిపోలేదు.

“ఈ పెళ్లి మీకిష్టమేనా?” అని ఇంగ్లీషు అక్షరాల్లో మీరు పంపిన మెసేజ్‌కి తెలుగులో జవాబిచ్చాను. నా కొత్త ఫోనులో తెలుగుంది. మీ ఫోనులో లేదని నాకు తట్టలేదు.

“పదహారు ఖాళీ గళ్లు వచ్చాయండీ. ఔననడానికి ఇన్నెందుకు, కాదనే అయ్యుంటుందని అమ్మ దిగులుపడుతోంది” అని మీరు రాస్తే నవ్వొచ్చింది, కంగారూ పుట్టింది. ఫోనులో చెప్పడానికి నోరు రాక ఈ ఉత్తరం.

ఆ గళ్లలో ఉన్నది “నాకు చాలా ఇష్టమండీ” అని. దీర్ఘాలూ గుడులూ కొమ్ములూ సున్నా, ‘ష్ట’లో దాగిన పొల్లూ విడిగా లెక్కపెడితే పదహారే. మీ అమ్మగారికి చూపించండి.

మెసేజ్ పంపిన సాయంత్రమే పాస్టరుగారింటికి వెళ్లి, ఈ ఆదివారం చర్చిలో మన పెళ్లి ప్రకటన చదవమని చెప్పివచ్చాను.