పడవ మేకులు కొట్టిన పలక

ఫిబ్రవరి 9, సోమవారం

నీ బండి ఏ ఏడు పుట్టిందో నీకు తెలుసా? పెళ్లిచూపుల్లో ఎదుటివాళ్ల ఏడు తరాలు తవ్వుతావు. రోజూ ఎక్కి దిగే బండికి బానెట్ ఎత్తి, లోపల కంపెనీవాళ్లు కొట్టిన పలక ఒక్కసారైనా చదివావా? నేనూ చదవలేదు. ఇవాళ్టి నుంచి చదువుతాను.

మా మామగారు కామాక్షయ్య పోతూ వదిలిన నల్ల అంబాసిడర్. పైన నా మైకు. విడవలూరు నుంచి తీరం వెంట పల్లెపల్లెకూ గీత చెప్పడానికి నన్నూ, గ్రంథాన్నీ మోసిన బండి. దాని కాగితాలు తుఫాను నీళ్లలో ముద్దయ్యాయి. పలక మీది నంబరు, తయారైన సంవత్సరం తేల్చి ఇస్తే కొత్త కాగితాలు తెప్పిస్తానన్నాడు నెల్లూరు ఏజెంటు. తేలకపోతే శనివారం తుక్కు కింద తూకానికి. ఆ గడువు పెట్టింది బావమరిది శివశంకర్. బండిలో సగం వాడిది.

"బావా, నువ్వు మనుషుల తలరాత చదువుతావు గదా. ఈ రేకు మీద రాత చదువు, చూస్తాం."

చదువుతానురా. బడి గడప తొక్కకుండా గ్రంథం నేర్చినవాడికి అరచేతి రేకు ఒక లెక్కా?

నియమం: ఎవరినీ అడగను. సాయంత్రం మైకులో ఊరందరికీ చెప్పేశాను కూడా. బండి పోతే మైకు పోతుంది. ఈ మోకాళ్లతో నేను దాటగలిగింది మా వీధి ఒక్కటే.

ఫిబ్రవరి 10, మంగళవారం

బానెట్ ఎత్తాను. లోపలంతా పడవ రంగు. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా ఏటా పడవలకు వేయగా మిగిలిన రంగు దీనికి పూయడం మా ఇంటి అలవాటు. నీలం మీద ఆకుపచ్చ, దానిమీద మళ్లీ నీలం.

చింతపండు, ఇసుక, కొబ్బరిపీచు. మధ్యాహ్నానికి పలక మెరిసింది. ఒక ఏ, ఒక ఎల్, పక్కన 61, ఆపైన అంకెల బారు. దివ్యంగా ఉంది.

పలకకి నాలుగు మూలలా నాలుగు చిల్లులున్నాయి. వాటిని వదిలేసి నడిమధ్యలో రెండు పడవ మేకులు కొట్టి ఉన్నాయి. కార్ల ఫ్యాక్టరీలో పడవ మేకులు ఎక్కడివి అని ఒక సందేహం వచ్చింది. సందేహించేవాడు నశిస్తాడు. పక్కన పెట్టాను.

ఫిబ్రవరి 11, బుధవారం

ఏ అంటే ఆది. ఎల్ అంటే లయం. మధ్యలో ఉన్నది సంసారం. ఇంతవరకు బాగానే వచ్చింది. 61 దగ్గర ఆగింది.

శివశంకర్ కొడుకు ప్రసాద్‌కి ఫోన్ చేశాను. రొయ్యల హేచరీలో ఉద్యోగం, చేతిలో ఎప్పుడూ ఇంటర్నెట్టు. "సంవత్సరం అయ్యుంటాది మామా" అన్నాడు. ఇది అడగడం కాదు. వాడిని పరీక్షించాను.

మెకానిక్ ఆనందబాబునీ పరీక్షించాను. "అంకెలన్నీ కూడితే ఏడొస్తాది సామీ. ఏడు మంచిది, బండి అమ్ముకోవచ్చు" అన్నాడు. బ్రేకులు పడని బండికి నిమ్మకాయ కట్టి పంపే మనిషి. వీడి చేతిలో పానా, పంచాంగం రెండూ తుప్పు పట్టాయి.

1961. ఖాయం.

ఫిబ్రవరి 12, గురువారం

పొద్దున్నే నంబరు ఏజెంటుకి పంపేశాను. ఇక చదవవలసింది లేదు. నియమం నెగ్గింది.

రేవు దగ్గర మైకు పెట్టాను. "నా రథం పుట్టింది 1961లో. పేకముక్క తప్ప ఇంకో అక్షరం ఎరగని పెద్దమనుషులారా, దాని ముందు మీరు పసిపిల్లలు" అన్నాను. వల అల్లుతున్నవాళ్లు నవ్వారు. అజ్ఞానానికి పళ్లెక్కువ.

ఫిబ్రవరి 13, శుక్రవారం

ఏజెంటు ఫోన్.

"అన్నా, మీరిచ్చిన నంబరు బండి ఎప్పుడో రద్దయిపోయింది. తుక్కు కింద కొట్టేసినారంట."

"నేను దాన్లోనే కూర్చోని మాట్లాడుతుండా నాయనా."

"రికార్డులో అయితే చచ్చిపోయిందన్నా."

ఆఫీసుల్ని, రికార్డుల్ని, కుర్చీల్ని ఒక అరగంట కడిగాను. నా భార్య పేరమ్మ చేపలు తోముతూ అంతా విన్నది.

"పాత పడవ పగలగొట్టేటప్పుడు, అచ్చొచ్చిన పడవైతే దాని చెక్క ఒకటి పీకి కొత్తదానికి కొడతారు గదా. మా నాయన మొదటి కారు తుక్కుకి పోయేటప్పుడు అట్టనే దాని రేకు పీకి దీనికి కొట్టినాడు."

"మరి దీని రేకు?"

"ఇది అచ్చొస్తాదో రాదో ఎవురికి తెలుసు? పారేసుంటాడు."

"ఈ మాట సోమవారమే చెప్పగూడదా?"

"నువ్వు అడిగినావా? ఎవురినీ అడగనని మైకులో చెప్పినోడివి నువ్వే గదా."

లోపలివాడు పాత దేహం విడిచి కొత్త దేహం తొడుక్కుంటాడని నేను చెప్పని పల్లె లేదు. ఆ పని నా బానెట్ కిందే జరిగింది, నేను గుర్తుపట్టలేదు. నవ్వినవాళ్ల పళ్లు గుర్తొచ్చాయి.

ఫిబ్రవరి 14, శనివారం

నాయుడుపేట నుంచి తుక్కు వ్యాను వచ్చి గుమ్మంలో ఆగింది.

ఆనందబాబుని మళ్లీ పరీక్షించాను. పలక ఒక్కటే కాదట, బండి ఇనుములో కూడా నంబరు గుద్ది ఉంటుందట. ఎక్కడుందో రంగు గోకితేగాని కనపడదట.

"పొద్దుగూకేదాకా ఆగరా శివా."

"ఎంతలావు రంగుందో చూసినావా బావా? నువ్వొక్కడివే గోకితే ఉగాది వస్తాది."

"ఒక్కణ్నే అని ఎవడన్నాడు?"

వాడు వ్యాను డ్రైవర్ని భోజనానికి కూర్చోబెట్టాడు. తర్వాత తనే చొక్కా విప్పి పడవ గోకే ఉలి అందుకున్నాడు. నాన్న బండి మీద ఆ మాత్రం మమకారం ఉంది వెధవకి.

నియమం మళ్లీ మొదలు. నంబరు నేనే చదువుతాను, ఎవరినీ అడగను. మైకులో పిలవడం అడగడం కిందికి రాదు. పిలిచాను. మొన్న నవ్విన రేవు మనుషులు ఉలులు పట్టుకుని వస్తున్నారు.

చదివేవాడా, నీ ఇంట్లోనూ ఎవరో కొట్టిపోయిన పలక ఒకటి ఉంటుంది. దానికి దణ్ణం పెట్టి, అదే నువ్వనుకుని ఊరేగుతున్నావు. కింద నీ నంబరు రంగులో పూడిపోయి ఉంది. రేపనకు, వ్యాను గుమ్మంలోనే ఉంది. లే, ఉలి తీసుకో. ఇవాళే గోకు.