వేడి మీద మూత పెట్టిన సీసాలు

వీధి వీధంతా సీసాలమ్మ అని పిలిచే నేను, స్కూలు క్యాంటీన్‌లో ముప్పై ఒక్క ఏళ్లు వంట చేసి రిటైరైనదానను, వయసు డెబ్బై రెండు, నిండు తెలివితో, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా రాసుకున్న వీలునామా ఇది. తెలివి సంగతి అనుమానమున్నవాళ్లు నా అరల్లో ఏ సీసా మీదైనా చెయ్యి పెట్టండి. అందులో ఏముందో, ఏ నెలలో ఎండబెట్టానో చూడకుండా చెబుతాను.

దీన్ని అమలు జరిపే బాధ్యత కింది వాటాలోని మందుల షాపాయనకు అప్పగిస్తున్నాను. తేదీ చూడకుండా దగ్గుబిళ్ల కూడా అమ్మని మనిషి.

1. కూరగాయలు ఎండబెట్టే మిషను, దాని ఐదు తట్టలతో సహా, నా కూతురికి సర్వహక్కులతో చెందాలి. మూడో తట్ట పగిలింది, ఎడమ చెయ్యి కింద ఆనించి లాగాలి. క్యారెట్టు, బీన్సు ముక్కలను ముందు మరిగే నీళ్లలో రెండు నిమిషాలు వేసి తీయాలి. ఆ పని ఎగ్గొడితే రంగు పోతుంది. అమ్మాయికి తొందరెక్కువ. నా పోలికే.

2. నా కొడుక్కి ఎండు బటానీల సీసాలు పదకొండు. వీటిని చూసినప్పుడల్లా "గోలీలా అమ్మా ఇవి?" అని వెక్కిరించేవాడు. గోలీలే నాయనా. గంటసేపు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోయకుండా వాటితోనే ఉడికించి, ఉప్పు చివర్లో వేసి, తిని, అప్పుడు మాట్లాడు. కోడలు మూడోసారి వడ్డించుకున్న సంగతి నేనెవరికీ చెప్పలేదు, ఇక్కడ తప్ప.

3. ఉల్లి వాసనకు తల తిరుగుతోందని ఇంటి ఓనరుకు నామీద నాలుగు ఫిర్యాదులు చేసిన పైవాటా టైపిస్టు గారికి ఉల్లిపొడి సీసా ఒకటి. పెద్దది.

4. మిగిలిన సీసాలన్నీ, మూడు అరలతో సహా, కుట్టుపని చేసే నా చెల్లెలికి. దీనికి కారణం రాయక తప్పదు. తొమ్మిదేళ్ల కిందట వానాకాలం కోసమని ఇద్దరం నాలుగు రోజులు కూరలు ఎండబెట్టి నలభై సీసాలు నింపాం. వారం తిరక్కుండానే లోపల చెమ్మ పట్టి బూజు వచ్చింది. వేడి ఆరకముందే మూత పెడితే అంతే. నలుగురిలో చెల్లెల్ని పట్టుకుని "నీ చేతిలో పెట్టడం నాదే బుద్ధితక్కువ" అన్నాను. "నేను కాదక్కా" అంది. వినిపించుకోలేదు. ఆ తరువాత అది మా మెట్లెక్కలేదు. నేనూ దాని షాపు ముందు తల తిప్పుకునే నడిచాను.

పోయిన నెల సీరియల్ టైమవుతోందని టమాటా ముక్కలు వేడివేడిగానే సీసాల్లోకి ఎత్తి మూతలు బిగించాను. తెల్లారి గాజుకు లోపల నీటి చుక్కలు. ఈసారి నింద వేయడానికి పక్కన ఎవరూ లేరు. తొమ్మిదేళ్ల కిందట సీసాలు నింపిన ఆ రోజు చెల్లెలు గ్యాసు బండ కోసం కిందికి వెళ్లింది. మూతలు పెట్టింది నేనే. ఇప్పుడు గుర్తొచ్చిందని రాద్దామనుకున్నాను గానీ అది అబద్ధం. ఎప్పుడూ మరిచిపోలేదు, ఒప్పుకోవడానికి నోరు రాలేదు. తప్పు నాది. చెల్లీ, నన్ను క్షమించు.

5. పై ఒకటి, రెండు, మూడు నా తదనంతరమే అమలు కావాలి. బతికుండగా నా అరల జోలికి ఎవరూ రాకూడదు. నాలుగోది మాత్రం అందాకా ఆపదలచుకోలేదు. ఒంట్లో బాగానే ఉంది, ఇప్పట్లో పోయే సూచనలూ లేవు. పోయాక ఇస్తే దానికి సీసాలు దక్కుతాయి గానీ నాకు దాని మొహం చూసే యోగం ఉండదు. కాబట్టి మందుల షాపాయన ఈరోజే నకలు దాని చేతికిచ్చి, ముట్టినట్టు రాయించుకోవాలి.

తేదీ: జూన్ 13, శనివారం

సంతకం: సీసాలమ్మ

సాక్షులు:
1. పాలబూత్ నడిపే ఆయన
2. క్యాంటీన్‌లో నా తరువాత వంటకు చేరిన అమ్మాయి

నకలు ముట్టినట్టు:
ముట్టింది, చదివాను. ఈ మాట నేను ఆ రోజే చెబితే విన్నావా అక్కా? షాపు మూసేస్తున్నా. పొయ్యి వెలిగించు, వస్తున్నా.
— చెల్లెలు