పేల్చని తుపాకీ

చిరంజీవి తమ్ముడు కిరణ్‌కు,

ఎడ్మంటన్ నుంచి అక్క దీవెనలు. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నాన్న బీపీ మాత్రలు మానకుండా వేసుకుంటున్నారా? నేను బాగానే ఉన్నాను. నిజంగా బాగానే ఉన్నాను, కంగారు పడొద్దని అమ్మకు చెప్పు. ఇక్కడ కెనడాలో అప్పుడే మంచు పడుతోంది. వర్క్ పర్మిట్ రెన్యూవల్‌కు అప్లై చేశాను, ఇంకా కబురు లేదు.

ఎయిర్‌ఫోర్స్‌కు సెలెక్ట్ అయ్యావనీ, ఆ సంగతి అమ్మకు నన్నే చెప్పమనీ నువ్వు మెసేజ్ పెట్టినప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. అన్నం కూడా గదిలో తిరుగుతూనే తింటున్నాను. నిన్న అమ్మ ఫోన్ చేసి, "వాడేదో దాస్తున్నాడే. నీకేమైనా చెప్పాడా?" అని అడిగింది. "కుక్కర్ విజిల్ వస్తోందమ్మా" అని పెట్టేశాను. నీతో ఫోన్‌లో మాట్లాడితే మధ్యలో అడ్డొస్తావని ఈ ఉత్తరం.

నేను కేర్‌గివర్‌గా పనిచేసే ఇంట్లో పెద్దాయన, నేను చూసుకునే వాల్టర్ గారికి నూరేళ్లు దాటాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన బాంబర్ విమానంలో గన్నర్. తోక చివర అద్దాల గూట్లో, వెనక్కి తిరిగి ఒక్కరే కూర్చుని, శత్రు విమానాల కోసం కాపు కాసేవారట. ఆ చలికి రెండు వేళ్ల కొసలు పోయాయి.

పోయిన వారం యుద్ధవీరుల స్మారక సభకు ఆయన్ను తయారు చేశాను. పతకాలు కోటుకు పెడుతుంటే, ఊదా తెలుపు ఏటవాలు గీతల రిబ్బన్‌తో వెండి పతకం ఒకటి కనిపించింది. దేనికిచ్చారని అడిగాను.

"ఒక విమానాన్ని కూల్చినందుకు. కానీ నాకు గర్వం ఇంకో రాత్రి గురించి" అన్నారు.

ఆ రాత్రి బాంబులు వేసి తిరిగి వస్తుంటే శత్రు విమానం ఒకటి వీళ్ల కిందికి వచ్చిందట. పేలిస్తే తగలొచ్చు. తగలకపోతే తుపాకీ మంట వీళ్ల జాడ చెప్పేస్తుంది. వీళ్ల విమానం నడిమి భాగంలో ఉన్న రెండో గన్నర్ "కాల్చు, కాల్చు" అని మైకులో అరుస్తున్నాడు. ఈయన వేలు ట్రిగ్గర్ మీదే ఉంది. "వాడు మనల్ని చూడలేదు" అని మాత్రం చెప్పి ఊరుకున్నారు. ఆ విమానం మబ్బుల్లోకి వెళ్లిపోయింది. వీళ్ల విమానంలోని ఏడుగురూ ప్రాణాలతో దిగారు. దిగగానే ఆ రెండో గన్నర్ ఈయన్ను పిరికివాడన్నాడట.

"దానికి పతకం ఇవ్వరు" అని నవ్వారు.

అప్పుడు నీ సంగతి చెప్పాను. "మా తమ్ముణ్ణి వెళ్లమనమంటారా?"

"మీ అమ్మకు తెలుసా?"

"లేదు."

"నేనూ చెప్పలేదు. చేరిపోయాక టెలిగ్రాం ఇచ్చాను. ఇన్ని పతకాలతో తిరిగొచ్చినా అమ్మ ఆ టెలిగ్రాం మరిచిపోలేదు." నా వైపు తిరిగి అన్నారు: "అమ్మకు చెప్పలేనివాడికి అక్కడేం పని?"

సభలో అందరూ మౌనం పాటిస్తుంటే ఆయన చక్రాల కుర్చీలో కదులుతూనే ఉన్నారు. నా చేయి మాత్రం వదల్లేదు.

కిరణ్, అమ్మకు నేను చెప్పను. నువ్వే చెప్పు. గుమ్మంలో నిలబడి అనేసి పారిపోకు, పక్కన కూర్చుని చెప్పు. ఏడిస్తే ఏడవనీ, లేవకు. ఆ తర్వాత నాకు ఫోన్ చేయమను, నీ తరఫున మాట్లాడతాను. నాకూ భయమే. అయినా వెళ్లమనే అంటాను.

కందిపొడి అయిపోయింది, వీలైతే పంపండి. నానమ్మకు నా దండాలు, అమ్మానాన్నల ఆశీస్సులు నాకు కావాలి.

ప్రేమతో,
నీ అక్క
స్వాతి