తూకానికి అందని నురగ

చిరంజీవి బావమరిదికి బావ దీవించి రాసేది,

ఇక్కడ నేనూ మీ అక్కా కులాసా. హాల్లో తొట్టిలోని నీళ్ళు మాత్రం కులాసాగా లేవు.

ఫోను చేయొచ్చుగా అంటావు. ఫోన్లో అన్నమాటకి ఆధారం ఉండదు. ముప్పయ్యేళ్ళు తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా చేసినవాణ్ణి, కాగితం మీద లేని మాట నమ్మి టీ కూడా తాగలేదు. అందుకే ఈ ఉత్తరం.

సంగతేమిటంటే, రిటైరయ్యాక నేను పెట్టిన ఉప్పునీటి తొట్టిలో ఒకే ఒక్క చేప ఉంది. ముళ్ళ చేప. కోపమొస్తే బంతిలా ఉబ్బుతుంది. కోపం రాకపోయినా అలిగినట్టే ఉంటుంది కాబట్టి బుంగమూతి అని పేరు పెట్టాను. రోజుకి పన్నెండు గ్రాముల రొయ్య ముక్కలు కంసాలి త్రాసులో తూచి వేస్తాను. అది తినేటప్పుడు సగం నోట్లోకి, సగం నీళ్ళలోకి. నీళ్ళు కుడితిలా అయ్యాయి. "ఇంట్లో ఆ కంపన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి" అని మీ అక్క తేల్చి చెప్పేసింది. రెండు నెలల్లో నీళ్ళు తేటపడకపోతే తొట్టినీ చేపనీ కింద షాపు బార్బరుకి ఇచ్చెయ్యాలట. ఆ బార్బరు అప్పుడే టేపు పట్టుకొచ్చి తొట్టి కొలుచుకుని వెళ్ళాడు. సాగిపోయిన టేపు. నా ఉద్యోగం ఉండుంటే అక్కడికక్కడే జప్తు చేసేవాణ్ణి.

ప్రొటీన్ స్కిమ్మర్ అని ఒకటి పెడితే నీళ్ళు బాగుపడతాయని తొట్టి అమ్మినవాడు అన్నాడు. చూస్తే నూటొక్క రకాలున్నాయి. నువ్వు పెద్ద హోటళ్ళలో ఉప్పునీటి తొట్లు చూసుకునేవాడివి కదా, ఏది కొనాలో రాయి. ఆ చేప లేకపోతే నాకు పొద్దు గడవదురా.

ఇట్లు,
బావ

తా.క.: బుంగమూతి నన్ను గుర్తుపడుతుంది. మీ అక్క నమ్మదు. తిండి పెడితే బల్లి కూడా గుర్తుపడుతుందంటుంది.

---

పూజ్యులైన బావగారికి బావమరిది నమస్కరించి రాస్తున్నాను.

ఉత్తరం అందింది. మీ దస్తూరీ, మీరు గీసిన తొట్టి బొమ్మా చూసి మా ఆవిడ ఇదేదో కోర్టు నోటీసనుకుని కంగారుపడింది.

స్కిమ్మర్ అంటే బ్రహ్మవిద్యేం కాదు. గొట్టంలో సన్నటి గాలిబుడగలు పుట్టిస్తుంది. నీళ్ళలో ఉన్న జిడ్డూ, మిగిలిన తిండీ, చేప విడిచినదీ ఆ బుడగలకి అంటుకుని నురగై పైకెక్కి, మీదున్న కప్పులో పడుతుంది. ఆ కప్పు పారబోసుకోవడమే మన పని. పప్పు పొంగు తీసేస్తామే, అదే ఇది.

ఒక మాట గుర్తుపెట్టుకోండి. పెట్టె మీద ఇన్ని లీటర్లకి పనికొస్తుందని రాస్తారు. అది పెళ్ళి సంబంధాల్లో చెప్పే వయసు లాంటిది. చూడాల్సింది నీళ్ళెన్ని అని కాదు, తిండెంత అని. పన్నెండు గ్రాములంటున్నారు కాబట్టి తొట్టి వెనక తగిలించే చిన్నది చాలు. ఈ ఉత్తరంతోపాటే పార్సిలు పంపిస్తున్నాను. మొదటి వారం నురగ సరిగా రాదు. కొత్త కోడలిలాంటిది, కాస్త కుదురుకోనివ్వండి. ఊరికే మరలు తిప్పకండి.

మీ
బావమరిది

తా.క.: కప్పులో పడేదాన్ని వాసన చూడకండి. చూడొద్దంటే మీరు చూస్తారని తెలిసే రాస్తున్నాను.

---

చిరంజీవి బావమరిదికి,

చూశాను. సాయంత్రం దాకా తిండి సయించలేదు.

అసలు సంగతికి వస్తాను. నీ యంత్రం మోసం చేస్తోంది. తిరగడం మొదలుపెట్టి వారం దాటిందో లేదో, పొద్దున ఖాళీ చేసిన కప్పు సాయంత్రానికి నిండి పొర్లుతోంది. చిక్కటి డికాషన్ లాంటి మడ్డి. నాకు అనుమానం వచ్చింది. మడ్డిని పెనం మీద ఇగిర్చి, ఉప్పు బరువు తీసేసి తూచాను. వేసిన పన్నెండు గ్రాముల తిండికి ఇంత మురికి రావడం ఏ లెక్కలోనూ కుదరదు. అంటే మిగతాది ఎక్కడిది? యంత్రమే పుట్టిస్తోంది! పెట్రోలు బంకుల్లో ఇలాంటి చేతివాటం యంత్రాలు ఎన్ని పట్టుకున్నానో నీకు తెలియదు. వెంటనే ఆపేసి, పురికొస చుట్టి, లక్క కరిగించి సీలు వేశాను.

ఆ పెనం మీ అక్కదని ఇగిర్చాక తెలిసింది. ఇప్పుడది నాది.

బావ

తా.క.: మర్నాటికి నీళ్ళు మళ్ళీ కుడితి అయ్యాయి. బుంగమూతి మూలకి పోయి ముడుచుకుంది. సీలు నేనే విప్పాను. విప్పినట్టు పంచనామా కూడా రాసుకున్నాను. మీ అక్క సాక్షి సంతకం పెట్టనంది.

---

పూజ్యులైన బావగారికి,

యంత్రం మురికి పుట్టించదండీ. పుట్టించేది నోరు. పన్నెండు గ్రాములు తిన్న చేప కప్పు పొర్లించడం జరిగే పని కాదు. అలాంటి చేప ఉంటే మా హోటల్లో ఉద్యోగం ఇప్పిస్తాను.

కోప్పడకుండా వినండి. చేప అద్దం దగ్గరికొచ్చి మూతి ముడిస్తే ఎవరికైనా చెయ్యి జారుతుంది. మా హోటలు మేనేజరు మహా పిసినారి, వాడే జేబులో రొయ్యలు వేసుకుని తిరుగుతాడు. మీరూ మనుషులేగా! జాలిపడి ఒకటీ అరా వేస్తే నేను ఎవరికీ చెప్పను. వేసేది నిజంగా ఎంతో చెబితే దానికి తగ్గ స్కిమ్మర్ చూస్తాను.

చెప్పరని తెలుసు. అందుకని అంతకంటే పెద్దది పంపుతున్నాను. ఇది తొట్టి కింద అరలో, నీళ్ళు దిగే డబ్బాలో కూర్చుంటుంది. అర సరిపోకపోతే పక్కన చోటు చూడండి.

మీ
బావమరిది

తా.క.: త్రాసు ఒకసారి సరిచూయించుకోండి. వయసు మీదపడితే వస్తువులకీ తేడా వస్తుంది.

---

అయ్యా,

మీ ఉత్తరం చేరింది. మిమ్మల్ని ఇకపై బావమరిది అని పిలవాలా వద్దా అని ఆలోచిస్తున్నాను.

నా త్రాసు తప్పా? ఊళ్ళో సగం షాపుల వాళ్ళు నా నీడ చూసి రాళ్ళు మార్చుకునేవాళ్ళు. సొంత పెళ్ళిలో వంటవాడు తెచ్చిన పంచదార తక్కువుందని పీటల మీంచి లేచిన మనిషిని. నువ్వు కూడా చూశావు, నీకప్పుడు నిక్కర్లు. అలాంటి నేను చేప తిండి విషయంలో దొంగలెక్క చెబుతానా?

నువ్వు పంపిన పెద్ద యంత్రం పెట్టాను. అరలో పట్టలేదు. మీ అక్క కుట్టుమిషను ఉండే చోటు కావాలి. అడగడానికి రెండ్రోజులు ధైర్యం కూడగట్టుకున్నాను. ఆవిడ కిక్కురుమనకుండా మిషను తనే పక్కకి జరిపేసింది. నాకు భయమేసింది.

పెద్దది పెడితే మురికి పెద్దదైంది, అంతే. నీళ్ళు ఒకరోజు తేటగా, ఒకరోజు మురిగ్గా. పైగా దీనికి ఇంకో రోగం. ఆదివారం మధ్యాహ్నం అయ్యేసరికి నురగ చప్పున చచ్చిపోతుంది. కప్పు ఎండిపోతుంది. సోమవారం ఎప్పటికో మెల్లగా డ్యూటీలో చేరుతుంది. మూడు వారాలుగా ఇదే వరస. వారాంతపు సెలవు తీసుకునే యంత్రాన్ని నేనెక్కడా చూడలేదు.

ఇట్లు,
తూకం తెలిసినవాడు

తా.క.: బార్బరు ఆదివారాలు పైకొచ్చి, అప్పుడే తనదైనట్టు బుంగమూతిని పలకరించి పోతున్నాడు.

---

బావగారూ,

పెద్దవారు, కోపంలో ఎన్నన్నా పడతాను. కానీ ఆ తా.క. చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

నురగ ఉన్నట్టుండి చచ్చిందంటే ఒకటే కారణం. నీళ్ళలో నూనె పడింది. నూనె చుక్క తగిలితే బుడగ నిలవదు. చేతికి కాస్త అంటుకున్నది చాలు. ఇప్పుడు చెప్పండి, ఆదివారం పూట అందరి తలలకీ నూనె మర్దనా చేసి ఆ చేతులతోనే మీ ఇంటికొచ్చేది ఎవరు? నీళ్ళు బాగుపడకపోతే తొట్టి ఎవరికి దక్కుతుంది?

ఆ కప్పు పొర్లే మురికి కూడా వాడి పనే అయ్యుంటుంది. మీరు చూడకుండా ఏదో ఒకటి గుప్పెడు పడేస్తున్నాడు. పట్టుకోండి. మీరు పట్టుకోలేని దొంగా!

మీ
బావమరిది

తా.క.: నెమ్మదిగా అడగండి. అతని చేతిలో కత్తి ఉంటుంది.

---

చిరంజీవి బావమరిదికి,

నెమ్మదిగానే అడిగాను. తప్పంతా అడిగిన సమయానిది.

క్షవరానికని వెళ్ళి కూర్చున్నాను. కుడివైపు అయిపోయింది. అద్దంలో అతని కళ్ళలోకి చూస్తూ, "నా చేప నీళ్ళలో నూనె కలిపేది నువ్వేనని నాకు తెలుసు" అన్నాను. ఆ మనిషి కత్తెర కిందపెట్టాడు. తువ్వాలు లాగేశాడు. "చేపంటే ముచ్చటపడి చూడ్డానికొచ్చా గానీ తొట్టి మీద చెయ్యి కూడా వెయ్యలేదు. నన్ను దొంగంటారా? లేవండి!" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి పాపం. అబద్ధమాడేవాడి మొహం నాకు తెలుసు. అతనిది అది కాదు. గొణిగినట్టు క్షమాపణ చెప్పి, ఎడంవైపు జుట్టుతో ఇంటికొచ్చాను. మీ అక్క నన్ను చూసి నవ్వలేదు. మొహం పాలిపోయింది. లోపలికెళ్ళి తలుపేసుకుంది.

నా వల్ల కావడం లేదురా. లెక్క తేలడం లేదు. ఏ యంత్రం పెట్టినా ఆ నోరులేని జీవి మురికిలోనే బతుకుతోంది. నా సరదా కోసం దాన్ని చంపుకోలేను. బార్బరు ఇక తీసుకోడు. శనివారం నువ్వే పెట్టె పట్టుకునిరా. మీ హోటలు పెద్ద తొట్టిలో వేసుకో. రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, పొద్దున దానికి తిండి తూస్తుంటే నాకు ఏడుపొచ్చింది.

బావ

తా.క.: ఈ ఉత్తరం పోస్టు చేయమని మీ అక్కకి ఇస్తున్నాను. నేను వీధిలోకి వెళ్ళే స్థితిలో లేను. నా తలకి సరిపడే టోపీ దొరకలేదు.

---

ఒరేయ్ తమ్ముడూ,

మీ బావ రాసిన ఉత్తరం ఇందులోనే పెట్టాను. పోస్టు చేయమంటే చదవకుండా చేస్తానా? ఆవిరి మీద పెడితే కవరు తనంతట తనే విచ్చుకుంది.

ముందు ఇది విను. శనివారం నువ్వు పెట్టె పట్టుకుని ఈ గుమ్మం తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతాను.

ఆ చేపకి పెడుతున్నది నేను. ఏం, పెట్టకూడదా? అంత ఒళ్ళున్న ప్రాణికి పన్నెండు గ్రాములేమిట్రా, మందు మోతాదులా! మధ్యాహ్నం మీ బావ గుర్రు పెట్టగానే గుప్పెడు రొయ్యలు తీసుకెళ్ళి నా చేత్తో తినిపిస్తాను. ఆదివారం మోకాళ్ళకి నూనె రాసుకునే రోజు. చెయ్యి కడుక్కొచ్చేదాకా అది ఆగదు, అద్దానికి ధనాధనా కొట్టుకుంటుంది. దెబ్బ తగులుతుందని ఆ చేత్తోనే పెట్టేదాన్ని. నూనెకీ నురగకీ పడదని నాకేం తెలుసు? చదువుకున్నవాడివి, మీరిద్దరూ బార్బరు మీద పడ్డారు గానీ ఇంట్లో ఆడమనిషిని ఒక్క ముక్క అడిగారా?

పంపించెయ్యమన్నది నేనే. కాదనను. మొదటి వారం మనస్ఫూర్తిగానే అన్నాను. తర్వాత అన్నది, అన్నమాట వెనక్కి తీసుకోవడం ఇష్టం లేక. ముప్పయ్యేళ్ళుగా నేను వంటింట్లోంచి హాల్లోకి వస్తే పేపర్లోంచి తలెత్తినవాళ్ళు లేరురా. నా అడుగు చప్పుడు వింటే అది తొట్టి ఆ చివర్నించి తోకాడించుకుంటూ ఎదురొస్తుంది. నన్ను చూసి సంతోషపడే ప్రాణి ఒకటుంది ఈ ఇంట్లో. దాన్ని హోటల్లో వేస్తావా?

మీ బావ సంగతి కూడా చెబుతాను, నీలోనే ఉంచుకో. మొన్న తలుపు సందులోంచి చూశాను. పన్నెండు గ్రాములు తూచి వేశారు. అటూ ఇటూ చూశారు. బనీను కింద నుంచి పొట్లం తీసి ఇంకో నాలుగు రొయ్యలు వేసి, "మీ అమ్మకి చెప్పకు" అన్నారు. అమ్మట! నేను నోట్లో కొంగు కుక్కుకున్నాను. జాలిపడి ఒకటీ అరా వేస్తున్నారని నువ్వు రాసింది (ఆ ఉత్తరాలూ చూశాన్లే) నిజమని ఆయనకి తెలియనివ్వకు. త్రాసు మీద మాటొస్తే ఆ మనిషి బతకరు.

కాబట్టి ఇలా రాయి. "బావగారూ, మీ త్రాసు దివ్యంగా ఉంది, తప్పు నాదే, ఆ రకం చేపకి మురికి సహజంగానే మూడింతలు వస్తుందని ఇప్పుడే తెలిసింది" అని. రాసి, మూడు చేపలున్న తొట్టికి ఏది పెడతావో ఆ సైజు స్కిమ్మర్ పంపించు. కుట్టుమిషను కావాలంటే పెరట్లో పడేస్తాను. ఇక మీద చెయ్యి సబ్బుతో కడిగి, మంచినీళ్ళతో మళ్ళీ కడిగి పెడతాను. బార్బరు దగ్గరికి నేనే వెళ్ళి చేతులు పట్టుకుని బతిమాలాను. సాయంత్రం వచ్చి మిగతా సగం గొరిగి వెళతానన్నాడు.

ఆశీస్సులతో,
అక్క

తా.క.: కొత్తది ఎంత పెద్దదైనా సరే, చప్పుడు చెయ్యనిది చూడు. మధ్యాహ్నం మీ బావకి నిద్ర చెడితే నాకు కుదరదు.