ఉడికించిన విత్తనం

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఆర్మూర్‌లో పసుపు ధర పెరిగిందని, విత్తనానికి దాచిన కొమ్ములన్నీ నిన్న నీ కొడుకు మల్లేశ్ అమ్మకానికని కడాయిలో పోసి ఉడికించాడు.

"ఉడకవెట్టింది మల్ల మొలుస్తదారా?" అని అరిచాను.

"ఫికర్ ఎందుకు కాకా, విత్తనం బాల్కొండల కొందాం తియ్" అన్నాడు.

ముప్పై ఏళ్లు నువ్వు ఒక్కో కొమ్మూ విరిచి, వాసన చూసి ఏరిన విత్తనం అది! వాణ్ణి కొట్టబోయి ఆగాను. ఏరేటప్పుడు ఏనాడైనా వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నావా? నన్నయినా ముట్టనిచ్చావా? "మీకు తెల్వది, జర జరుగుండ్రి" అనేవాడివి. ఏటేటా వచ్చే ఏటి పంట గురించే ఆలోచించావు. నువ్వుండని ఏడు కూడా ఒకటి వస్తుందని మాత్రం తోచలేదు.

పొద్దున నీ ఫొటోకు దండ మల్లేశే వేశాడు. నాకు చెయ్యి రాలేదు.