రోనాకి నేనమ్మిన పెద్దకర్ర

స్ట్రాథ్‌నెస్
14 ఏప్రిల్ 1983

నా మర్డోకి,

నీ ఓడ కేప్‌టౌన్ చేరేసరికి ఈ ఉత్తరం రేవులో నీకోసం కాచుకుని ఉండాలని పోస్టాఫీసు మూసేలోగా గబగబా రాస్తున్నాను. ఇల్లు నిలబడే ఉంది. పిల్లి బలిసింది. నేను మాత్రం ఊళ్ళో తలెత్తుకు తిరగలేకపోతున్నాను. ఎందుకో చెబుతాను, నవ్వకు. నవ్వక తప్పకపోతే ఇంజను గదిలోకి వెళ్ళి నవ్వు.

నా పెద్దకర్ర అమ్మేశాను. అదే, ఆట మొదట్లో బంతిని దూరంగా కొట్టే చెక్క తల గోల్ఫ్ కర్ర, మన పెళ్ళైన ఏడు నువ్వు కొనిచ్చింది. కొన్నది రోనా టలక్. ఎందుకు అమ్మానో ఎవరికీ చెప్పలేదు, నీకే చెబుతున్నాను. చలికాలం నుంచి నా ఎడమ తుంటి నా మాట వినడం లేదు. కర్ర ఎత్తి నడుం తిప్పితే చాలు, లోపల ఎవరో తుప్పు పట్టిన తలుపు తీసినట్టు ఉంటుంది. కీలు మార్చి ఉక్కుది పెట్టాలన్నాడు డాక్టరు. నేను వద్దన్నాను. మా అమ్మ ఆసుపత్రికి తన కాళ్ళ మీద నడిచి వెళ్ళి, చక్రాల కుర్చీలో తిరిగి రావడం చూసినదాన్ని. నాకు భయం, మర్డో. అందుకే ఆటే మానేద్దామనుకున్నాను. ఆ మాట పైకి చెబితే ఊరంతా నా మీద జాలి పడుతుంది. నొప్పినైనా భరిస్తాను కానీ ఆ జాలిని భరించలేను. అందుకని రోనాతో, "కొత్తది కొనుక్కుంటున్నానే, పాతది ఎవరికైనా ఇచ్చేస్తా" అన్నాను. నోట్లో మాట నోట్లో ఉండగానే "నాకివ్వు" అంది.

రోనా సంగతి నీకు తెలుసుగా. ఉన్ని కొట్టు నడిపే మనిషి, దేన్నీ రెండుసార్లు లాగి చూడందే తీసుకోదు. కర్ర తలని వేళ్ళతో కొట్టి చెవి దగ్గర పెట్టుకుంది. వాసన చూసింది. మన వంటింట్లోనే ఒకసారి ఊపింది, దీపం మీది గుడ్డ ఊడి పడింది. "గట్టిదేనా ఇష్బెల్?" అంది. "నాకంటే ఎక్కువ కాలం బతుకుతుంది పోవే!" అన్నాను. పన్నెండు పౌండ్లూ ఒక పళ్ళ కేకూ ఇచ్చి పట్టుకుపోయింది.

ఇక శనివారం. బాల్‌క్రేగ్ ఆడవాళ్ళతో మన వాళ్ళకి పోటీ. నాకు జలుబని చెప్పి చూసేవాళ్ళలో నిలబడ్డాను. మొదటి దెబ్బ రోనాది. గాలి ఎదురుగా ఉంది, అందరూ ఊపిరి బిగబట్టారు. నా పెద్దకర్ర ఎత్తింది, ఎప్పుడూ లేనంత బలంగా ఊపింది. బంతి జానెడు దూరం దొర్లి ఆగింది. కర్ర తల మాత్రం మెడ దగ్గర పుటుక్కున విరిగి, మా అందరి మీదుగా ఎగిరి, అతిథులకోసం పాస్టరుగారి భార్య పొద్దుటినుంచీ తంటాలు పడి చేసిన కస్టర్డు గిన్నెలో పడింది. ఆవిడ కళ్ళద్దాల దాకా కస్టర్డే. బాల్‌క్రేగ్ వాళ్ళు చప్పట్లు కొట్టారు. అంత దూరం ఆ రోజు మరే దెబ్బా పోలేదట!

సాయంత్రం రోనా వచ్చింది. ఒక చేతిలో బోడి కర్ర, ఇంకో చేతిలో పాత పేపరులో చుట్టిన తల.

"తీసుకో."

"ఎందుకు తీసుకుంటాను? అమ్మేశాను కదా."

"నువ్వు అమ్మిన వస్తువు మూడు రోజులు నిలవలేదు. నీ బాధ్యత కాదా?"

"నేనేమన్నా కొట్టు పెట్టుకున్నానా? పాత వస్తువు. కొట్టి చూశావు, వాసన చూశావు, నాకి చూడ్డం ఒకటే తక్కువ. ఇంకేం బాధ్యతే నాకు?"

"డబ్బు నాకక్కర్లేదు. నీ కర్ర నువ్వు తీసుకో, అంతే."

"నేను తీసుకోను."

తలుపు వేసేశాను. డబ్బు అక్కర్లేదు, కర్ర వెనక్కి తీసుకో అంటే ఏమిటి అర్థం? తెలిసే విరిగినదాన్ని అంటగట్టానని కదూ? ముప్పై ఏళ్ళు కలిసి ఆడినదాన్ని పట్టుకుని అనాల్సిన మాటేనా? కేకు ముక్క నోట్లో పెట్టుకుంటే దిగలేదు. తర్వాత దిగిందనుకో.

నీ
ఇష్బెల్

* * *

స్ట్రాథ్‌నెస్
2 మే 1983

మర్డో, నా బంగారం,

నీ ఉత్తరం అందింది. "పన్నెండు పౌండ్లు పారేసి పీడ వదిలించుకో" అని రాశావు. సముద్రం మధ్యలో కూర్చున్నవాడికి అన్నీ తేలికే. ఇక్కడ ఊరు రెండు ముక్కలైంది. మాంసం కొట్టతను రోనా వైపు. నేను వెళ్తే అన్నీ ఎముకలే తూస్తున్నాడు. పోస్ట్‌మాన్ నా వైపు. రోనాకి వచ్చే ఉత్తరాలు వాన నీళ్ళలో ముంచి ఇస్తున్నాడని వినికిడి. నేను చెప్పలేదు సుమా.

చివరికి క్లబ్బు ఆడవాళ్ళంతా కలిసి మిస్ బాల్ఫర్ దగ్గర పెట్టారు పంచాయితీ. నలభై ఏళ్ళు లాయరుగా చేసి, ఇప్పుడు పని లేక కుక్కతో వాదించుకుంటున్న మనిషి, సంబరంగా ఒప్పుకుంది. క్లబ్బు గదిలో టీ, కేకులు. బల్ల మీద శవంలా నా పెద్దకర్ర, పక్కనే తల. పాస్టరుగారి భార్య దాని వంక చూడనని అటు తిరిగి కూర్చుంది.

"చూడండమ్మా," అంది మిస్ బాల్ఫర్. "ఇష్బెల్ వ్యాపారస్తురాలు కాదు. ఇంట్లో పాత వస్తువు అమ్ముకుంది. అలాంటప్పుడు మంచీ చెడ్డా చూసుకోవాల్సింది కొన్నవాళ్ళే."

నేను రోనా వైపు చూసి టీ గట్టిగా చప్పరించాను.

"కానీ," అంది ఆవిడ, "అమ్మేవాళ్ళు నోటితో ఒక మాట చెప్పి, ఆ మాట నమ్మి అవతలివాళ్ళు కొంటే, ఆ మాటకి మాత్రం వాళ్ళదే పూచీ. ఇష్బెల్, నువ్వేం చెప్పావు?"

నేను గబుక్కున కేకు ముక్క నోట్లో కుక్కుకున్నాను. రోనానే చెప్పింది. "నాకంటే ఎక్కువ కాలం బతుకుతుందంది."

మిస్ బాల్ఫర్ కళ్ళద్దాలు తుడుచుకుని నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "నాకు కనిపిస్తున్నంతలో నువ్వింకా బతికే ఉన్నావు."

గది గదంతా పగలబడి నవ్వింది. నా వైపు వాళ్ళు కూడా! "అది మాటవరసకన్నాను, పూచీకత్తు కాదు!" అని అరిచాను. "అయితే మాటవరసకే వెనక్కి తీసుకో," అని వెనకనుంచి ఒకావిడ. తీర్పేమిటంటే కర్ర తీసుకోవాలి, డబ్బు తిరిగివ్వాలి. రోనా మళ్ళీ అదే పాట: "డబ్బొద్దు. కర్ర తీసుకోమనండి."

అప్పుడు నాకు తిక్క పుట్టింది. "నన్ను మోసగత్తెనని నిరూపించడానికే కదే నీ తాపత్రయం!" అని లేచి విసవిసా బయటికి నడిచాను. విసవిసా నడవడం మూడు అడుగులే అయింది. మెట్ల మీద తుంటి పట్టేసింది. కమ్మీ పట్టుకుని అక్కడే కూలబడ్డాను, పైకీ లేవలేను, కిందికీ దిగలేను. తల తిప్పితే గుమ్మంలో రోనా. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. వచ్చి చంక కింద చెయ్యి వేసి లేపింది, మాట్లాడకుండా మన ఇంటిదాకా నడిపించి, మాట్లాడకుండానే వెళ్ళిపోయింది. దానికంటే నాలుగు తిట్లు తిట్టినా బావుండేది, మర్డో. ఆ పూటంతా ఏడ్చాను.

నీ
ఇష్బెల్

* * *

స్ట్రాథ్‌నెస్
11 మే 1983

నా మర్డోకి,

ముందు నువ్వు కూర్చో. మంచి వార్తే, అయినా కూర్చో.

సోమవారం మధ్యాహ్నం నేను పిండి కలుపుతుంటే రోనా వెనక తలుపు తోసుకుని వచ్చింది. చేతిలో పెద్దకర్ర. తల అతికించి, మెడకి నల్లదారం చుట్టింది తనే, ఉన్ని చుట్టినట్టు లావుగా. కర్రకి గొంతు నొప్పి వచ్చి మఫ్లరు కట్టుకున్నట్టుంది. బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది.

"ఏమిటి?"

"నాటకాలు ఆడకు. తుంటి."

నేను పిండి ఇంకా గట్టిగా పిసికాను.

"ముప్పై ఏళ్ళుగా నీ వెనకాలే నడుస్తున్నానే మొద్దూ. నీ నడకలో తేడా వస్తే నీకంటే ముందు నాకు తెలుస్తుంది. క్రిస్మస్ నాడే తెలిసింది. నువ్వే చెబుతావని చూశాను. చెప్పకపోగా కొత్త కర్ర కొంటున్నానని కోతలు! ఇంకెవరికైనా అమ్మితే అది మళ్ళీ నీ చేతికి రాదు. నా ఇంట్లో ఉంటే నీ కాలు బాగయ్యాక ఇద్దామని కొన్నాను."

"దాచాలని కొన్నదానివి పోటీకి ఎందుకు పట్టుకెళ్ళావు?"

రోనా మొహం కందిపోయింది. "నీ కర్రతో కొడితే నీ అంత దూరం పోతుందేమోనని ఆశ పుట్టింది. ఒక్క దెబ్బేగా అనుకున్నాను."

మర్డో, ముప్పై ఏళ్ళలో నా దెబ్బ మంచిదని ఆ నోట వినలేదు. పిండి చేతులతోనే ఏడ్చాను, మొహమంతా పిండయింది.

"మరి డబ్బొద్దు, కర్ర తీసుకో అని ఆ గోలేమిటే?"

"నీ దగ్గరుంటే బాగుచేయిస్తావు. బాగుచేయిస్తే కొట్టి చూడబుద్ధవుతుంది. కొట్టలేకపోతే డాక్టరు దగ్గరికి పోతావు. ఇదే నా లెక్క. నువ్వు మోసగత్తెవని ఎవరన్నారు? నువ్వు మొండిదానివి. మోసం చేసేంత తెలివి నీకెక్కడిది?"

అమ్మ సంగతి చెప్పాను. చక్రాల కుర్చీ సంగతి చెప్పాను. విన్నంతసేపూ విని, "మీ అమ్మ పక్కన ఎవరూ లేరు. ఆపరేషన్ గది తలుపు బయట నేను అల్లుకుంటూ కూర్చుంటా. నువ్వు నడిచి రాకపోతే లోపలికొచ్చి ఆ డాక్టర్ని సూదుల్తో పొడుస్తా" అంది. నిజంగానే పొడుస్తుంది, నీకు తెలుసు.

మర్నాడు ఇద్దరం వెళ్ళి సరేనని చెప్పి వచ్చాం. సెప్టెంబరులో చేస్తారు. అప్పటికి నువ్వూ ఇంట్లో ఉంటావు. మిస్ బాల్ఫర్‌కి కూడా చెప్పాం, నా కర్ర నేను వెనక్కి తీసుకున్నానని. ఇంత త్వరగా రాజీ పడినందుకు ఆవిడ చాలా నొచ్చుకుంది.

ఇంకొక్క సంగతి. ఇది రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. రోనా కలం లాక్కుంటోంది.

మర్డో, నేను రోనాని. నీ పెళ్ళాం సగంలో ఆపింది కాబట్టి నేనే చెబుతున్నాను. నేను చుట్టిన దారం ఎంత గట్టిగా ఉందో చూద్దామని ఈ పొద్దున మీ పెరట్లో ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారే, ఊపాను. దారం బాగానే ఉంది. తల లేదు. అది నువ్వు టమాటాలు పెంచే గాజింట్లోకి ఒక వైపునుంచి వెళ్ళి ఇంకో వైపునుంచి వచ్చింది. కర్ర ఇష్బెల్‌ది, ఊపింది నేను, కాబట్టి తప్పెవరిదా అని టీ తాగుతూ ఇద్దరం చాలాసేపు ఆలోచించాం. అంత చక్కగా బంతి పోయే దారిలో గాజిల్లు కట్టినవాడు నువ్వు. బాధ్యత నీదేనని ఇద్దరం ఒప్పుకున్నాం. వచ్చేటప్పుడు దానికి కొత్త అద్దాలు తీసుకురా.

ప్రేమతో
ఇష్బెల్, రోనా